లెక్క ఒకటి చెబుతోంది, సర్వే మీటరు ఇంకోటి చూపిస్తోంది: రేడియేషన్ తీవ్రత గురించి కాస్త చెప్పండి

కొత్త_ట్రైనీ:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం దగ్గర ఒక పల్లెటూరు. బీఎస్సీ ఎంపీసీ పూర్తి చేసి నాలుగు నెలల క్రితం విశాఖలో ఒక ఎన్‌డీటీ (వస్తువును పాడు చేయకుండా లోపలి లోపాలు పరీక్షించే) కంపెనీలో ట్రైనీగా చేరాను. పైపుల వెల్డింగ్ జాయింట్లకు గామా కిరణాలతో ఫిల్మ్ తీసే పని. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) కోర్సుకు ఇంకా వెళ్లలేదు కాబట్టి సోర్స్ (గామా కిరణాలు ఇచ్చే రేడియోధార్మిక బిళ్ల) జోలికి నేను పోను. సర్టిఫికెట్ ఉన్న సీనియర్లు చేస్తుంటే పక్కనుండి నేర్చుకుంటున్నాను.

ప్రమాణ వైశాల్యం గుండా ప్రమాణ కాలంలో పోయే శక్తే తీవ్రత అని, బిందు జనకం నుంచి దూరం పెరిగేకొద్దీ అది దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందని డిగ్రీలో చదువుకున్నాను. పరీక్షలో బాగానే రాశాను. ఫీల్డులోకి వచ్చాక మాత్రం అదే నియమం నాకు కుదరడం లేదు.

మొన్న ఆదివారం రాత్రి మా సీనియర్ ట్రైనింగ్ కోసమని ఖాళీ గ్రౌండు చుట్టూ తాడు కట్టించి, మధ్యలో ఒక స్టాండు పెట్టి, సోర్స్‌ను దాని మీదికి పంపారు. కొలిమేటర్ (కిరణాలను ఒక్క వైపుకే వదిలే అడ్డు) లేదు, ముందు పైపూ లేదు. "మూడు చోట్ల కొలిచి రా, తర్వాత లెక్కతో పోల్చుకో" అన్నారు. కెమెరా (సోర్స్‌ను దాచి ఉంచే పెట్టె) దగ్గర్నుంచి టేపుతో కొలిచి 10, 20, 30 మీటర్ల దగ్గర ముందే సున్నంతో గీతలు గీసి ఉంచాను. కెమెరా అడ్డం రాకుండా కొంచెం పక్కగా నిలబడి చూస్తే మీటరు 10 దగ్గర 14 ఎమ్మార్ (గంటకు మిల్లీరాంట్‌జెన్లు), 20 దగ్గర 5.5, 30 దగ్గర 2.8 చూపించింది.

దూరం రెట్టింపైతే తీవ్రత పావు వంతు కావాలి. అంటే 20 దగ్గర 3.5 రావాలి, 30 దగ్గర 1.6కు దగ్గరగా ఉండాలి. నాకు రెండు చోట్లా బాగా ఎక్కువ వచ్చింది. మీటరు తప్పా, నేను తప్పా?

ఇంకో రెండు సందేహాలు. ఈ సోర్స్ వచ్చినప్పుడు 32 క్యూరీలట, ఇప్పుడు 8 మాత్రమే ఉందని సీనియర్ అన్నారు. మరి బలం అంత పడిపోయిన సోర్స్‌తో అదే మందం ఉన్న పైపును ఇంకా ఎలా తీయగలుగుతున్నాం? రెండోది, క్యూరీ, రాంట్‌జెన్, సీవర్ట్ ఈ మూడూ నా బుర్రలో కలగాపులగం అయిపోయాయి. అమ్మ రోజూ ఫోన్ చేసి ఆ రేడియేషన్ పని మానెయ్యమంటోంది. ఆమెకు ధైర్యం చెప్పాలంటే ముందు నాకు అర్థం కావాలి కదా.

ఫిజిక్స్_మేడమ్:

మీరు మూడు రీడింగులు ఇవ్వడం మంచిదైంది బాబూ. రెండే ఇచ్చి ఉంటే ఇది తేల్చడం కష్టం.

నియమం తప్పలేదు, మీటరూ తప్పలేదు. ఇలాంటప్పుడు మా ల్యాబులో పిల్లలతో ఒక గ్రాఫు గీయిస్తాను. తీవ్రతను అలాగే గీయకుండా, దాని వర్గమూలం తీసి, ఒకటిని దానితో భాగించి ఆ విలువను దూరానికి ఎదురుగా గీయాలి. తీవ్రత దూరం వర్గానికి విలోమమైతే ఇది సరళరేఖ రావాలి. మీ రీడింగులకు 0.267, 0.426, 0.598 వచ్చాయి. మొదటి పది మీటర్లకు 0.16, తర్వాతి పది మీటర్లకు 0.17 పెరిగింది, అంటే దాదాపు సరళరేఖే.

ఇప్పుడు ఆ గీతను వెనక్కి పొడిగించండి. అది సున్నాను తాకే చోటే సోర్స్ నిజంగా ఉన్న చోటు. నేను గీస్తే మీరు సున్నా అనుకున్న చోటుకు ఇంకా 6 మీటర్లు వెనక తాకింది. మీరు దూరం ఎక్కణ్ణుంచి కొలిచారో ఒకసారి చూసుకోండి.

ఇంకొక్క మాట. మీ మీటరు చూపే రాంట్‌జెన్లు కచ్చితంగా పుస్తకంలోని తీవ్రత కాదు. గాలిలో ఎంత అయనీకరణం జరిగిందో దాని కొలత. సోర్స్ ఒకటే అయినప్పుడు రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కాబట్టి మీ లెక్కకు ఇబ్బంది లేదు.

రేడియోగ్రాఫర్_గాజువాక:

తమ్ముడూ, మేడమ్ గారు గ్రాఫుతో పట్టుకున్నది నాకు నీ పోస్టులో "కెమెరా దగ్గర్నుంచి" అన్న మాట దగ్గరే తగిలింది. ఇరవై ఆరేళ్లుగా ఈ పనే చేస్తున్నాను, కొత్తగా వచ్చిన ప్రతి కుర్రాడూ ఇక్కడే జారతాడు.

షాట్ (ఫిల్మ్ తీయడం) నడుస్తున్నంతసేపూ సోర్స్ కెమెరాలో ఉండదు. కెమెరా దాని ఇల్లు, అంతే. హ్యాండిల్ తిప్పితే డ్రైవ్ కేబుల్ దాన్ని గైడ్ ట్యూబులో తోసుకుంటూ కొసదాకా తీసుకుపోతుంది. మీవాళ్లు ఎన్ని ట్యూబులు కలిపారు? మా దగ్గరున్నవి ఒక్కోటి ఏడడుగులు. మూడు కలిపి తిన్నగా పరిస్తే 21 అడుగులు, అంటే 6.4 మీటర్లు. నువ్వు 10 అనుకుని నిలబడ్డ చోటు సోర్స్‌కు 16.4 మీటర్లు. మిగతావి 26.4, 36.4. ఇప్పుడు లెక్క కట్టు. మొదటి చోట 14 ఉంటే రెండో చోట 5.4, మూడో చోట 2.8 రావాలి. నీకు 5.5, 2.8 వచ్చాయి. ముల్లు మీటరు మీద అంతకంటే దగ్గరగా ఎవరూ చదవలేరు. బాగా కొలిచావు.

మీ సీనియర్ చెప్పిన 8 క్యూరీలు కూడా నీ రీడింగులోనే ఉన్నాయి. ఇలాంటి సోర్సుల్లో వాడే ఇరిడియం-192 ఒక క్యూరీ ఉంటే ఒక మీటరు దూరంలో గంటకు సుమారు 0.48 రాంట్‌జెన్లు ఇస్తుంది. 8 క్యూరీలకు 3.84, అంటే 3840 ఎమ్మార్. దాన్ని 16.4 వర్గంతో, అంటే 269తో భాగిస్తే 14 చిల్లర. సరిపోయిందా? దీని అర్ధాయువు 74 రోజులు. 32 క్యూరీలు 16 అవడానికి 74 రోజులు, 16 కాస్తా 8 అవడానికి ఇంకో 74. అంటే మీ సోర్స్ వచ్చి ఐదు నెలలు అయి ఉండాలి.

ఇక పైపు సంగతి. సోర్స్ ముసలిదైతే గామా కిరణం బలం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. బలం తగ్గదు, సంఖ్య తగ్గుతుంది. ఇరిడియం నుంచి వచ్చే ముఖ్యమైన కిరణాలు 0.3 నుంచి 0.6 ఎంఈవీ (కిరణం శక్తికి కొలమానం) దాకా ఉంటాయి. సోర్స్ వచ్చిన రోజున ఎంతో ఐదు నెలల తర్వాతా అంతే. ఒక్కో కిరణం ఉక్కులోకి దూసుకుపోయే శక్తి మారదు. సుమారు 13 మిల్లీమీటర్ల ఉక్కు దాటితే సగం కిరణాలు ఆగిపోతాయి, ఇంకో 13 దాటితే అందులో సగం. 32 క్యూరీలప్పుడూ ఇదే లెక్క, 8 క్యూరీలప్పుడూ ఇదే లెక్క. కాకపోతే ఫిల్మ్ మీదికి చేరేవి నాలుగో వంతు, అందుకే టైమ్ నాలుగు రెట్లు పెడతాం. నిమిషంలో అయిపోయే షాట్‌కు నాలుగు నిమిషాలు. మీ సీనియర్ చార్టు చూసి టైమ్ పెంచుతుంటాడు, గమనించు.

మూడోది మీ అమ్మగారికి చెప్పాల్సిన మాట. ఆమెకు భోగి మంట గురించి చెప్పు. మంటలో ఎన్ని దుంగలు వేశారో అది క్యూరీ. అది మంట సంగతే తప్ప, నువ్వెక్కడున్నావో దానికి తెలియదు. నువ్వు నిలబడ్డ చోట ముఖానికి తగిలే సెగ ఎమ్మార్. ఒకడుగు వెనక్కి వేస్తే తగ్గుతుంది, ముందుకు వేస్తే పెరుగుతుంది. నువ్వు అడిగిన తీవ్రత ఈ సెగే. ఆ సెగలో ఎంతసేపు నిలబడ్డావు, ఒంటికి ఎంత పట్టింది అన్నది సీవర్ట్. ఎంత పెద్ద మంటైనా దూరంగా ఒక క్షణం నిలబడితే ఏం కాదు. చిన్న నిప్పుకణిక అయినా గుప్పెట్లో పట్టుకుంటే చెయ్యి కాలిపోతుంది.

గామా కిరణాలకు మా లెక్క, గంటకు 1 ఎమ్మార్ అంటే సుమారు 10 మైక్రోసీవర్టులు. నువ్వు 14 దగ్గర రెండు నిమిషాలు నిలబడి ఉంటే ఐదు మైక్రోసీవర్టులు కూడా కాదు. మన పనివాళ్లకు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. మామూలు జనానికి ఏడాదికి 1. మిల్లీకి, మైక్రోకి మధ్య వెయ్యి రెట్లుంది, అది మాత్రం ఎప్పుడూ మర్చిపోకు.

నీకు టీఎల్‌డీ బ్యాడ్జీ (ఒంటికి పట్టిన రేడియేషన్‌ను లెక్కపెట్టేది) ఇచ్చారా? ఇవ్వకపోతే ఎవరు రమ్మన్నా తాడు దాటి లోపలికి వెళ్లొద్దు. ఈ ఒక్కటీ వెంటనే చెప్పు.

ఎక్స్‌రే_కరీంనగర్:

నేను ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ను. పై చర్చ చదువుతుంటే మా వార్డు గుర్తొచ్చింది. మాకూ "ఎక్కణ్ణుంచి కొలుస్తున్నావు" అన్నదే అసలు ప్రశ్న.

మంచం దిగలేని పేషెంట్ల దగ్గరికి మొబైల్ మెషిన్ తోసుకుపోతాం. చుట్టాలు మెషిన్‌కు దూరంగా జరిగి, పేషెంట్ తల దగ్గర నిలబడి చెయ్యి పట్టుకుంటారు. పెట్టెకు దూరంగానే ఉన్నామని వాళ్ల ధైర్యం. కానీ బీమ్ పడ్డాక అక్కణ్ణుంచి పక్కలకు చెదిరే కిరణాలకు పేషెంటే సోర్స్. పేషెంట్ మీద పడే బీమ్‌లో సుమారు వెయ్యో వంతు ఒక మీటరు పక్కన ఉన్నవాళ్లకు చేరుతుంది. రెండు మీటర్లు జరిగితే అందులో నాలుగో వంతు. అందుకే స్విచ్ తీగ పొడవంతా లాగి నిలబడతాను, పక్క మంచాల వాళ్లను కూడా లేపగలిగితే లేపుతాను. విసుక్కుంటారు. అయినా లేపుతాను.

కొత్త_ట్రైనీ:

సార్, మేడమ్, అక్కా, మీకందరికీ చాలా థ్యాంక్స్. పొద్దున్నే వెళ్లి చూశాను. మూడు ట్యూబులే సార్! ఒక్కోటి ఏడడుగులే. గ్రాఫు కూడా గీశాను మేడమ్, నాకు 6.1 మీటర్ల దగ్గర తాకింది. ట్యూబులు అంతసేపూ నా కళ్లముందే ఉన్నాయి, దూరం వాటి చివర నుంచి కొలవాలన్న ఆలోచనే రాలేదు. బ్యాడ్జీ ఇచ్చారు సార్, జేబు మీదే పెట్టుకుంటున్నాను.

ఒకటి అడగాలని ఉంది. 30 మీటర్ల గీత దగ్గర 2.8 ఎమ్మారే కదా ఉంది. నాతో చేరిన ఇంకో కుర్రాడు "ముసలి సోర్స్, ఎనిమిది క్యూరీలు, ఇది ఏం చేస్తుందిరా" అంటున్నాడు. దూరంతో తీవ్రత ఇంత త్వరగా పడిపోతుంటే సీనియర్లంతా ప్రతిసారీ అంత టెన్షన్‌గా మీటరు చూసుకుంటూ ఎందుకు వెళ్తారు?

రేడియోగ్రాఫర్_గాజువాక:

ఆ కుర్రాడికి ఇది చదివి వినిపించు తమ్ముడూ. ఇందులో నాకు బాగా పట్టింపు ఉంది.

ఆ నియమాన్ని మీరిద్దరూ ఒకవైపు నుంచే చూస్తున్నారు. దూరం జరిగేకొద్దీ ఎంత త్వరగా పడిపోతుందో, దగ్గరికి వచ్చేకొద్దీ అంత త్వరగా పెరుగుతుంది. అదే ఎనిమిది క్యూరీలు తీసుకో. పది మీటర్ల దగ్గర 38 ఎమ్మార్. ఒక మీటరు దగ్గర 3840. పది సెంటీమీటర్ల దగ్గర గంటకు 384 రాంట్‌జెన్లు. ఒక సెంటీమీటరు దగ్గర 38,400, అంటే సెకనుకు పది రాంట్‌జెన్ల పైమాటే. పది మీటర్ల నుంచి ఒక సెంటీమీటరుకు వస్తే దూరం వెయ్యి రెట్లు తగ్గింది, తీవ్రత పది లక్షల రెట్లు పెరిగింది. ఇంకా దగ్గరైతే ఈ లెక్క కచ్చితంగా కుదరదు, ఎందుకంటే ఆ సోర్స్ బిందువు కాదు, కొన్ని మిల్లీమీటర్ల బిళ్ల. కానీ అప్పటికే జరగాల్సినదంతా జరిగిపోతుంది.

ఇది నోటి లెక్క కాదు. 1999 ఫిబ్రవరి 20న పెరూ దేశంలో యనాంగో అనే చోట జలవిద్యుత్ కేంద్రంలో ఒక వెల్డర్‌కు కింద పడి ఉన్న ఇరిడియం సోర్స్ దొరికింది. అదేమిటో అతనికి తెలియదు. తీసి ప్యాంటు వెనక జేబులో వేసుకుని పని చేసుకున్నాడు. దాని బలం 37 క్యూరీలు. ఒక సెంటీమీటరు దగ్గర సెకనుకు దాదాపు 50 రాంట్‌జెన్లు. అలా కొన్ని గంటలు. చివరికి అతని కాలు తీసేయాల్సి వచ్చింది. అదే సోర్స్‌కు పది మీటర్ల దూరంలో ఉన్నవాడికి గంటకు 178 ఎమ్మార్. సోర్స్ ఒకటే, క్యూరీలు ఒకటే. తేడా అంతా దూరమే.

ఆ జేబులో వస్తువు ఎలా ఉంటుందో నీకు చూపిస్తారు, సోర్స్ లేని నమూనా మీ ఆఫీసులో ఉంటుంది, అడుగు. పొట్టి ఉక్కు తీగ ముక్క, ఒక కొసన సోర్స్ ఉండే చిన్న డబ్బీ, రెండో కొసన కేబుల్‌కు తగిలించే కొక్కెం. పిగ్‌టెయిల్ అంటాం. మెరుస్తూ ముద్దుగా ఉంటుంది. వేడి ఉండదు, వెలుగు ఉండదు, చప్పుడు ఉండదు. ఎవరైనా తీసి జేబులో వేసుకుంటారు. భోగి మంట పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. మంట అయితే ఒంటికి తగిలి వెనక్కి తోస్తుంది. ఇది తోయదు. ఆ పని మీటరే చేయాలి.

నా సంగతి చెబుతాను. పేర్లు వద్దు. పనిలో చేరి ఆరేళ్లయింది అప్పటికి. ఒక ట్యాంకుల సైటులో రాత్రి పని. షాట్ నడుస్తుండగా గట్టు మీద పెట్టిన పైపు దొర్లి గైడ్ ట్యూబు మీద పడింది. చూస్తే చిన్న నొక్కు. టైమ్ అయ్యాక హ్యాండిల్ వెనక్కి తిప్పాను, కొంతదూరం వచ్చి బిగిసిపోయింది. ఇంకొంచెం తిప్పాను, కదిలినట్టు అనిపించింది. లోపలికి వచ్చేసిందనుకున్నాను. పక్కనున్న హెల్పర్ అప్పటికే ఫిల్మ్ తీయడానికి నడుస్తున్నాడు. వాడి చేతిలో మీటరు లేదు. నా చేతిలో ఉంది. ముల్లు చూస్తే స్కేలు కొసకు కొట్టుకుని అలాగే నిలబడి ఉంది. అరిచాను. జనరేటరు మోతలో వాడికి వినపడలేదు. పరిగెత్తి చొక్కా పట్టి లాగాను. అప్పటికి ఇద్దరం ట్యూబుకు ఐదు మీటర్ల దూరంలో ఉన్నాం.

తర్వాత అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. తాడు ఇంకా దూరానికి జరిపాం, ఆర్‌ఎస్‌ఓకు (రేడియేషన్ భద్రతాధికారికి) ఫోన్ చేశాం, ఆయన వచ్చి పొడుగు పట్టకార్లు, సీసం గుండ్ల సంచులతో తెల్లవారేసరికి దాన్ని లోపలికి పంపించారు. బ్యాడ్జీల రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. హద్దులోపే వచ్చింది. ఐదు మీటర్ల దగ్గర కొన్ని సెకన్లు, అంతే కాబట్టి. ఇంకో పది అడుగులు వేసి వాడు ట్యూబు మీద చెయ్యి వేసి ఉంటే? నేనెప్పుడూ ఆ లెక్క పూర్తిగా కట్టలేదు.

అందుకే ప్రతి షాట్ తర్వాత మీటరు ముందు, మనిషి వెనక. కెమెరా చుట్టూ చూసి, ట్యూబు పొడుగునా కొసదాకా చూసి, అప్పుడు ఫిల్మ్ ముట్టుకోవాలి. ఇంకో విషయం: కొన్ని పాత జీఎం (గైగర్-ముల్లర్) మీటర్లు మరీ ఎక్కువ రేడియేషన్‌లో ఊపిరాడక సున్నా చూపిస్తాయి. దూరం నుంచే మీటరు ఆన్ చేసి, ముల్లు ఎక్కుతూ రావడం చూస్తూ దగ్గరికి వెళ్లాలి. దగ్గరికెళ్లాక ఆన్ చేస్తే అది సున్నా చూపించినా నమ్మలేం. బ్యాటరీ చూసుకోకుండా మీటరు తీసుకెళ్లడం అసలు తీసుకెళ్లకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే చేతిలో ఉందన్న ధైర్యం ఉంటుంది.

ఫిజిక్స్_మేడమ్:

గాజువాక సార్ రాసింది మా క్లాసులో చదివి వినిపించాను. పేర్లు లేవు కదా, అభ్యంతరం లేదనుకుంటాను. విలోమ వర్గ నియమం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ దూరం పెంచుతూ లెక్కలు ఇస్తాను. ఇకమీదట తగ్గిస్తూ కూడా ఇస్తాను.

కొత్త_ట్రైనీ:

సార్, మీరు రాసింది మా కుర్రాడికి చదివి వినిపించాను. చివరిదాకా మాట్లాడలేదు. తర్వాత వెళ్లి మీటరు బ్యాటరీ చూసి వచ్చాడు. నమూనా పిగ్‌టెయిల్ కూడా అడిగి చూశాం. మీరు చెప్పినట్టే ఉంది.

ఈ ఆదివారం మళ్లీ కొలిచే అవకాశం ఇచ్చారు. ఈసారి సోర్స్ బయటికి రాకముందే స్టాండు మీద ట్యూబు కొస నుంచి టేపు పట్టి గీతలు గీశాను. 10 మీటర్ల దగ్గర 36, 20 దగ్గర 9, 30 దగ్గర 4కు కొంచెం పైన. మీరు చెప్పిన లెక్కకు 10 దగ్గర 38 రావాలి కదా, 36 ఎందుకు వచ్చిందా అని కాసేపు తల పట్టుకున్నాను. వారం గడిచింది సార్. 8 క్యూరీలు ఇప్పుడు ఏడున్నర.

అమ్మకు భోగి మంట సంగతి చెప్పాను. "అయితే ఎన్ని అడుగుల దూరంలో నిలబడతావు?" అని అడిగింది. తాడు దగ్గర అని చెప్పాను. తాడు ఎక్కడ కడతారు, ఎవరు కడతారు అని అడిగింది. మీటరు చూసి మేమే కడతామని చెబితే, "మీటరు నువ్వే చూడు, ఇంకొకళ్లు చెప్పింది వినకు" అంది.